రొయ్యల వేపుడు 40 నిమిషాల్లో: నీళ్లు మిగలకుండా, రబ్బరులా సాగకుండా

రాత్రి ఎనిమిదింటికి ఫోన్ వస్తుంది. "రొయ్యలు నీళ్లలో తేలుతున్నాయి, ఏం చెయ్యను?" నీళ్లు ఇంకేదాకా ఉంచమని చెబితే పావుగంటకి మళ్లీ ఫోన్. "ఇంకాయి గానీ రొయ్యలు రబ్బరు ముక్కల్లా అయిపోయాయి." మా చుట్టాల్లో, ఆఫీసులో, పక్క ఫ్లాట్లలో కనీసం పదిమందికి ఇదే కథ. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక మొత్తం ఒకచోట రాస్తున్నాను.

చిక్కంతా ఒక లెక్కలో ఉంది. మాదిరి సైజు రొయ్య ఉడకడానికి నాలుగు నిమిషాలు చాలు. అది వదిలిన నీళ్లు ఇంకడానికి, ఉల్లిపాయ మసాలా వేగడానికి పది, పన్నెండు నిమిషాలు కావాలి. రెండూ ఒకే మూకుట్లో ఒకేసారి పెడితే ఏదో ఒకటి చెడుతుంది. అందుకే ఈ పద్ధతిలో రొయ్యని, దాని నీళ్లని విడదీస్తాం. నీళ్లు మసాలాలో ఇంకుతాయి, రొయ్య పక్కన కూర్చుని చివర్లో వచ్చి కలుస్తుంది.

1. ఏం కొనాలి, ఎంత కొనాలి

నలుగురికి తలతో ఉన్న రొయ్యలు కిలో తీసుకోండి. తల, పొట్టు పోగా సగానికి కాస్త అటూఇటూ మిగులుతుంది, అంటే దాదాపు అర కిలో. కిలో కొన్నాం కదా అని ఆరుగుర్ని భోజనానికి పిలిస్తే గిన్నె చూసి మొహాలు చూసుకోవాల్సి వస్తుంది.

చెరువుల దగ్గర బేరమంతా "కౌంట్" మీద నడుస్తుంది. 50 కౌంట్ అంటే కిలోకి 50 రొయ్యలు, 100 కౌంట్ అంటే చిన్నవి. వేపుడుకి 40 నుంచి 60 కౌంట్ మధ్య వనామీ (చెరువుల్లో పెంచే రొయ్య రకం) బాగుంటుంది. 30 కౌంట్ పెద్దవి చూడ్డానికి బాగుంటాయి గానీ మసాలా లోపలికి పట్టదు. వాటిని పెనం మీద విడిగా కాల్చుకోవడమే మేలు.

అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉండి గడ్డకట్టిన సంచి కొనేవాళ్లు ఒక తేడా గమనించాలి. అమెరికా సంచి మీద 31/40 అని ఉంటే అది కిలోకి కాదు, పౌనుకి, అంటే 454 గ్రాములకి వచ్చే సంఖ్య. పైగా అది తల తీసేశాక వేసిన లెక్క. మనకి అలవాటైన 40 కౌంట్‌తో దాన్ని పోల్చకండి. సంచి వెనక భారతదేశం అని రాసి ఉంటే మాత్రం ఆ రొయ్య మన ఆంధ్ర చెరువుల్లో పెరిగిందే అయ్యే అవకాశం ఎక్కువ.

కొనేటప్పుడు చూసుకోవాల్సినవి:

- తల ఒంటిని గట్టిగా పట్టుకుని ఉండాలి. ముట్టుకుంటే ఊడి వేలాడితే పాతది.
- పొట్టు మెరుస్తూ మాంసానికి అంటుకుని ఉండాలి. జిగురుగా తగలకూడదు.
- వాసన సముద్రం గాలిలా ఉంటే సరే. ముక్కుకి ఘాటుగా కొడితే వదిలేయండి, ఎంత తక్కువకి ఇచ్చినా సరే.
- తల దగ్గర, పొట్టు అంచుల్లో నల్ల మచ్చలు మొదలైతే అది పట్టి చాలాసేపైందని అర్థం. ఆ మచ్చ ఒక్కటే విషం కాదు, కానీ వాసన కూడా తేడాగా ఉంటే తీసుకోవద్దు.

2. శుభ్రం చేయడం

కిలో రొయ్యలు ఇంట్లో ఒలిస్తే అలవాటు లేనివాళ్లకి అరగంట పడుతుంది. పైన చెప్పిన 40 నిమిషాల్లో ఇది లేదు. ఆఫీసు నుంచి వచ్చి వండేవాళ్లు దుకాణంలోనే ఒలిపించుకోండి. అక్కడ చాలామంది పేగు తీయరు, తీశామని అంటారు. ఇంటికొచ్చాక ఒకసారి చూసుకోండి.

మీరే ఒలిస్తే వరస ఇది. తల పట్టుకుని మెలితిప్పి లాగండి. కడుపు వైపు కాళ్లున్న దగ్గర బొటనవేలు దూర్చి పొట్టు విప్పండి. వీపు మీద సన్నగా గాటు పెట్టి నల్ల పేగు తీసేయండి. గాటు పెట్టడం ఇష్టం లేకపోతే వీపు మీద రెండో, మూడో కణుపు మధ్య టూత్‌పిక్ గుచ్చి మెల్లగా పైకి లాగితే పేగు దారంలా వచ్చేస్తుంది. ఒలిచిన చిన్న రొయ్యలకి ఈ రెండో పద్ధతే నయం. గాటు పెడితే అవి వేగేటప్పుడు విచ్చుకుని పీలికల్లా అవుతాయి.

కడగడం రెండుసార్లు చాలు. కొంతమంది ఏడెనిమిది నీళ్లు పోసి, నానబెట్టి, పిండి మరీ కడుగుతారు. రుచి కూడా తూములోకి పోతుంది. కడిగాక చిల్లుల గిన్నెలో పది నిమిషాలు వార్చి, శుభ్రమైన గుడ్డతోనో టిష్యూతోనో తడి అద్దండి. ఈ అద్దే పని నూటికి తొంభైమంది చెయ్యరు. సగం నీళ్ల గొడవ ఇక్కడే తగ్గుతుంది.

గడ్డకట్టినవైతే ముందురోజు రాత్రే ఫ్రీజర్‌లోంచి ఫ్రిజ్‌లోకి మార్చండి. మర్చిపోతే (మర్చిపోతాం) మూతి బిగించిన కవర్‌లో ఉంచి చల్లటి నీళ్లలో 20 నుంచి 30 నిమిషాలు పెట్టండి. వేడినీళ్లు పోయకండి. పైన ఉడికి లోపల మంచు మిగులుతుంది.

3. పొయ్యి వెలిగించక ముందు

రొయ్యలు పెనం మీదకి వెళ్లాక కొత్తిమీర తరగడానికి టైం ఉండదు. అన్నీ పొయ్యి పక్కన గిన్నెల్లో సర్ది పెట్టుకోండి.

ఒలిచిన అర కిలో రొయ్యలకి:

- పసుపు అర స్పూన్, ఉప్పు ఒక స్పూన్ (గడ్డకట్టినవైతే ముప్పావు చాలు, వాటిలో ముందే ఉప్పు ఉండొచ్చు)
- ఉల్లిపాయలు 2, మాదిరివి, సన్నగా తరిగినవి
- పచ్చిమిర్చి 4, నిలువుగా చీల్చినవి
- అల్లం వెల్లుల్లి ముద్ద ఒకటిన్నర స్పూన్, అప్పటికప్పుడు దంచితే మంచిది
- కారం ఒకటిన్నర స్పూన్, ధనియాల పొడి 2 స్పూన్లు
- గరం మసాలా అర స్పూన్, మిరియాల పొడి అర స్పూన్
- కరివేపాకు 3 రెబ్బలు, కొత్తిమీర గుప్పెడు
- నూనె 4 పెద్ద స్పూన్లు, నిమ్మకాయ అరచెక్క

ఇక్కడ స్పూన్ అంటే 5 మిల్లీలీటర్ల టీస్పూన్, పెద్ద స్పూన్ అంటే 15 మిల్లీలీటర్లది. కారం మీ ఇంటి కారాన్ని బట్టి సరిచూసుకోండి. గుంటూరు నుంచి పట్టించి తెచ్చుకున్న కారమైతే ఒక స్పూన్‌తో మొదలుపెట్టండి.

గిన్నె విషయానికొస్తే, వెడల్పుగా మందంగా ఉన్న ఇనుప మూకుడు నా మొదటి ఎంపిక. నాన్‌స్టిక్ పెనమైనా పర్వాలేదు. లోతుగా ఇరుగ్గా ఉన్న గిన్నె వద్దు. ఆవిరి బయటికి పోదు, వేపుడు కాస్తా ఉడకబెట్టినట్టు అవుతుంది.

బియ్యం కడిగి కుక్కర్‌లో పెట్టేశాకే రొయ్యల సంగతి మొదలుపెట్టండి. అన్నం ఎదురుచూడొచ్చు, రొయ్యలు ఎదురుచూడవు.

4. మొదటి వేడి: రొయ్యల నీళ్లు రాబట్టడం

మా అమ్మావాళ్లు కూడా ముందు పసుపు, ఉప్పు వేసి రొయ్యల్ని నీళ్లు ఇంకేదాకా ఉడికించేవాళ్లు. నీచు వాసన పోవడానికి అది మంచి పద్ధతే. నేను మార్చింది ఒక్కటే, ఇంకేదాకా ఆగను.

1. మూకుడు ఖాళీగా, పెద్ద మంట మీద బాగా వేడెక్కనివ్వండి. నాన్‌స్టిక్ అయితే ఖాళీగా కాల్చకుండా ఒక స్పూన్ నూనె వేసి మధ్యస్థం మంట పెట్టండి.
2. రొయ్యలకి పసుపు, ఉప్పు అప్పుడే పట్టించి మూకుట్లో పరవండి. ఉప్పు పట్టించి అరగంట ఉంచితే గిన్నెలోనే నీళ్లు ఊరతాయి.
3. ఒక నిమిషం కదపొద్దు. తర్వాత తిరగెయ్యండి. మరో ముప్పావు నిమిషం.
4. బయట గులాబీ రంగుకి తిరిగి, మధ్యలో ఇంకా కాస్త పచ్చిగా, గాజులా కనిపిస్తున్నప్పుడే చిల్లుల గరిటెతో తీసేయండి.
5. మూకుట్లో మిగిలిన నీళ్లని వేరే గిన్నెలోకి వంపండి. పారబొయ్యకండి. కూరకి రుచి ఇచ్చేది అదే.

మూకుడు చిన్నదైతే రెండు వాయిలుగా చేయండి. ఒకసారి మా ఇంటికి ఎనిమిదిమంది వచ్చినప్పుడు నేను తొందరపడి రెండు కిలోల రొయ్యలు ఒకే మూకుట్లో గుమ్మరించాను. పావుగంటైనా వేపుడు కాలేదు. చివరికి చింతపండు పిండి పోసి "ఇవాళ పులుసు" అని ప్రకటించాను. బాగుందనే అన్నారు, కానీ నాకు తెలుసు.

ఈ దశలో తీసిన రొయ్యలు పూర్తిగా ఉడకలేదు. ఆ పూటే వంట ముగించాలి. సగం ఉడికించి రేపటికి దాచొద్దు.

5. మసాలా: అసలు టైం ఇక్కడ పెట్టాలి

అదే మూకుట్లో నూనె పోసి, కాగాక పచ్చిమిర్చి, ఒక రెబ్బ కరివేపాకు వేయండి. ఉల్లిపాయలు వేసి చిటికెడు ఉప్పు చల్లండి. మధ్యస్థం మంట మీద ఆరేడు నిమిషాలు, అంచులు బంగారు రంగుకి తిరిగేదాకా. చాలామంది ఉల్లిపాయ మెత్తబడగానే "అయిపోయింది" అనుకుని రొయ్యలు వేసేస్తారు. అక్కడే తియ్యటి, పచ్చి వాసన మిగిలిపోతుంది. మన రొయ్యలు పక్కన ఉన్నాయి కాబట్టి తొందర లేదు, నిదానంగా వేయించండి.

అల్లం వెల్లుల్లి ముద్ద వేసి ఒక నిమిషం వేయించండి. అడుగంటుతుంటే రొయ్యల నీళ్లు ఒక స్పూన్ చల్లి గీకండి.

ఇప్పుడు మంట బాగా తగ్గించి కారం, ధనియాల పొడి వేసి కలపండి. పదిహేను, ఇరవై సెకన్లు మించకూడదు. కారం నూనెలో మాడితే చేదెక్కుతుంది, దానికి మందు లేదు. రంగు ముదరబోతోంది అనిపించగానే పక్కన పెట్టిన రొయ్యల నీళ్లన్నీ పోసేయండి. సుయ్ మని శబ్దం వస్తుంది, వంటిల్లంతా వాసన పాకుతుంది.

మంట పెంచి మూడు నాలుగు నిమిషాలు ఉడకనివ్వండి. నీళ్లు ఇంకి, మసాలా ముద్దగా మారి, అంచుల్లో నూనె తేలుతుంది. గరిటెతో మూకుడు అడుగున గీత గీస్తే ఆ గీత ఒక క్షణం అలాగే నిలవాలి. ఆ స్థితి వచ్చేదాకా రొయ్యలు ముట్టుకోకండి.

ఉప్పు రుచి చూడాల్సింది కూడా ఇప్పుడే. మసాలా ఒక్కటీ తింటే కొంచెం ఎక్కువైనట్టు అనిపించాలి. రొయ్యలు కలిశాక సరిపోతుంది.

6. రెండో వేడి: కలిపి దించడం

పెద్ద మంట. రొయ్యలు వేయండి. పక్కన ఉంచిన గిన్నెలో మళ్లీ కాస్త నీరు ఊరి ఉంటుంది, అది కూడా పోసేయండి. అట్లకాడతో కింద నుంచి పైకి తిప్పుతూ కలపండి.

40 నుంచి 60 కౌంట్ రొయ్యకి ఇక్కడ రెండు నిమిషాలు. 100 కౌంట్ చిన్నవాటికి ఒకటి చాలు. 30 కౌంట్ పెద్దవాటికి మూడు. గడియారం కంటే కన్ను నమ్మండి:

- కొడవలిలా వంగి, మధ్యలో కూడా తెల్లగా, గాజు రంగు పోతే ఉడికింది.
- సున్నాలా చుట్టుకుపోతే మించిపోయింది.
- తిన్నగా ఉండి మధ్యలో బూడిద రంగు కనిపిస్తే ఇంకా పచ్చి.

అనుమానంగా ఉంటే అన్నిటికన్నా లావుపాటి రొయ్యని తీసి మధ్యకి కోసి చూడండి. వంట థర్మామీటర్ ఉన్నవాళ్లకి గుర్తు 63 డిగ్రీల సెల్సియస్.

చివరి అర నిమిషంలో గరం మసాలా, మిరియాల పొడి, చేత్తో నలిపిన మిగతా కరివేపాకు వేయండి. పొయ్యి కట్టేసి కొత్తిమీర చల్లండి. నిమ్మరసం దించాకే. వెంటనే మరో గిన్నెలోకి తీసేయండి. ఇనుప మూకుడు పొయ్యి కట్టాక కూడా వేడిగానే ఉంటుంది, అందులో వదిలేస్తే మీరు భోజనానికి కూర్చునేలోపు రొయ్యలు గట్టిపడతాయి. ఇంత జాగ్రత్త తీసుకుని ఇక్కడ పోగొట్టుకునేవాళ్లు చాలామంది.

7. తప్పు ఎక్కడ జరిగింది, ఇప్పుడేం చేయాలి

*నీళ్లు ఎక్కువై తేలుతున్నాయి.* రొయ్యల్ని వెంటనే గరిటెతో బయటికి తీసేయండి. నీళ్లు మాత్రం పెద్ద మంట మీద ఇంకించి, మళ్లీ రొయ్యలు వేయండి. మూత పెట్టి ఉంటే అది తీసేయండి. వేపుడుకి మూత ఏ దశలోనూ అక్కర్లేదు.

*రబ్బరులా అయిపోయాయి.* వెనక్కి తీసుకురాలేం. ఇంకాసేపు ఉడికిస్తే మెత్తబడతాయని కొందరు అంటారు, మటన్‌కి ఆ మాట నిజం, రొయ్యకి కాదు. సన్నగా తరిగి గుడ్డు పొరటులోనో, ఫ్రైడ్ రైస్‌లోనో కలిపేయండి. చిన్న ముక్కలుగా ఉంటే పంటికి అంత తెలియదు.

*నీచు వాసన.* తాజా రొయ్యైతే పసుపు, ఉప్పుతో మొదటి వేడికే పోతుంది. పోలేదంటే ఎక్కువసార్లు పేగు మిగిలిపోయి ఉంటుంది, లేదా సరుకే పాతది. అల్లం వెల్లుల్లి రెండింతలు వేసి కప్పిపుచ్చాలని చూడకండి.

*మసాలా రొయ్యకి పట్టలేదు, విడివిడిగా ఉంది.* అడుగున గీత నిలిచేదాకా ఇంకలేదన్నమాట. లేకపోతే రొయ్యల మీద తడి అద్దలేదు.

*నిమ్మరసంలో గంట నానబెట్టాను, మెత్తగా పిండిలా అయ్యాయి.* పులుపు రొయ్య మాంసాన్ని పొయ్యి లేకుండానే మార్చేస్తుంది. నానబెట్టాలనుకుంటే పది నిమిషాలకి మించొద్దు. ఈ పద్ధతిలో అసలు అవసరమే లేదు.

*ఉప్పు ఎక్కువైంది.* ఇంకో ఉల్లిపాయ విడిగా వేయించి కలపండి, లేదా నిమ్మరసం కాస్త పెంచి చప్పటి ముద్దపప్పుతో వడ్డించండి. నీళ్లు మాత్రం పోయకండి.

ఒక మాట ఒప్పుకోవాలి. మా మావయ్యగారికి ఈ మెత్తటి రొయ్య నచ్చదు. "నమిలినట్టే లేదు" అంటారు. నల్లగా వేగి, పంటికింద కరకరలాడాలి ఆయనకి. అలాంటి వాళ్లకి 100 కౌంట్ చిన్న రొయ్యలు తీసుకుని, మొదటి వేడి తర్వాత విడిగా నూనెలో చిన్న మంట మీద పన్నెండు, పదిహేను నిమిషాలు వేయించి మసాలాలో కలపండి. అది ఇంకో వంట, తప్పు వంట కాదు.

8. గడియారం ప్రకారం

- 7:00 – బియ్యం కడిగి కుక్కర్ పెట్టడం, రొయ్యలు కడిగి వార్చడం
- 7:05 – ఉల్లిపాయలు, మిర్చి, కొత్తిమీర తరగడం, అల్లం వెల్లుల్లి దంచడం
- 7:15 – రొయ్యల తడి అద్ది, పసుపు ఉప్పు పట్టించి, మొదటి వేడి
- 7:19 – ఉల్లిపాయలు
- 7:27 – అల్లం వెల్లుల్లి, కారం, రొయ్యల నీళ్లు
- 7:33 – రెండో వేడి
- 7:36 – వేరే గిన్నెలోకి

పొద్దున పెట్టిన పప్పుచారు ఉంటే మిగిలిన నాలుగు నిమిషాల్లో వెచ్చబెట్టుకోండి. పప్పుచారు అన్నంలోకి రొయ్యల వేపుడు నంజుకోవడం తెలిసినవాళ్లకి ఇంకేం చెప్పక్కర్లేదు. లేకపోతే పెరుగన్నంతోనైనా లాగించొచ్చు.

9. ఇదే వరసతో గోంగూర, చింతచిగురు

పుల్లటి ఆకు వేసేవాళ్లు ఆకుని మసాలాలోనే, రొయ్యల నీళ్లతో పాటు వేసి పూర్తిగా మగ్గించండి. రొయ్యలు చివర్లోనే. సొరకాయ, మునక్కాయ వేసి ఇగురు చేసినా అంతే, కాయ ఉడికాకే రొయ్య. రెండు నిమిషాల లెక్క ఎక్కడా మారదు.

10. మిగిలితే, పారేస్తే

వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు తినేయండి. వెచ్చబెట్టడం పెనం మీద, స్పూన్ నీళ్లు చల్లి, పొగలు వచ్చేదాకా వేడి చేసి వెంటనే దించండి. మైక్రోవేవ్‌లో పెట్టి మర్చిపోతే టపటపా పేలతాయి, మిగిలినవి రబ్బరవుతాయి.

కొత్తవాళ్లని భోజనానికి పిలిస్తే రొయ్యలు పడతాయా అని ముందే అడగండి. రొయ్య అలర్జీ ఉన్నవాళ్లకి ఎంత ఉడికించినా ప్రమాదం తగ్గదు. అదే గరిటెతో వాళ్ల కూర కూడా కలపొద్దు.

తలలు, పొట్టు తాజాగా ఉంటే రెండు గ్లాసుల నీళ్లలో పది, పన్నెండు నిమిషాలు మరిగించి వడకట్టండి. రేపటి పులుసుకో, పులావుకో పనికొస్తుంది. ఆ ఓపిక లేకపోతే వాటిని కవర్‌లో గట్టిగా కట్టి ఫ్రీజర్‌లో ఓ మూల పడెయ్యండి. చెత్త బండి వచ్చే పొద్దునే బయటికి తీయండి. అపార్ట్‌మెంట్‌లో రాత్రంతా డబ్బాలో వదిలేస్తే తెల్లారేసరికి ఆ ఫ్లోర్ మొత్తానికి మీరు ఏం వండుకున్నారో తెలిసిపోతుంది.